కుట్లు, అల్లికలు: కొత్తగా చేరేవాళ్ళు మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్ చిక్కడపల్లిలో ఒక కాలనీ కమ్యూనిటీ హాలులో నెలకు రెండు శనివారాలు, రెండోదీ నాలుగోదీ, మధ్యాహ్నం మూడు నుంచి ఆరు దాకా మేం కొంతమందిమి కూర్చుని కుట్టుకుంటాం, అల్లుకుంటాం, ఒకరికొకరం నేర్పుకుంటాం. కొత్తగా రావాలనుకునేవాళ్ళు ఫోన్ చేసి దాదాపు ఇవే ప్రశ్నలు అడుగుతుంటారు. రెండు ముక్కలు చెప్పి ఫోన్ పెట్టేయడం నాకు తృప్తిగా ఉండటం లేదు. అందుకే తీరిగ్గా కూర్చుని రాశాను.

నాకు సూదిలో దారం ఎక్కించడం కూడా సరిగ్గా రాదు. రావచ్చా?

రండి. మాలో సగం మంది అలా వచ్చినవాళ్ళే. మొదటి రోజు మేం చెప్పేది కూడా దారం ఎక్కించడం గురించే. అందరూ దారాన్ని పట్టుకుని సూది బెజ్జంలోకి పొడవబోతారు. దారం మెత్తన, ఎన్నిసార్లు పొడిచినా పక్కకు వంగిపోతుంది. పనిని తిరగేయండి. దారం కొసను కత్తెరతో ఏటవాలుగా కత్తిరించి, బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య కనపడీ కనపడనట్టు నొక్కి పట్టుకోండి. ఆ వేళ్ళ సందులోకి సూది బెజ్జాన్ని దించండి. దారం దానంతట అదే లోపలికి వస్తుంది. రాకపోతే సూదిని రెండో వైపుకు తిప్పి చూడండి, బెజ్జం ఒక వైపు కాస్త నున్నగా ఉంటుంది. ఈ మాత్రం చెప్పేవాళ్ళు పక్కన లేక, తమకు కుట్టు అచ్చిరాదని మానేసినవాళ్ళను నేను చాలామందిని చూశాను.

ఇది కోచింగ్ సెంటర్ లాంటిదా? సిలబస్ ఉంటుందా?

కాదు. ఎదురుగా ఒక టీచరు, ముందు ముప్ఫైమంది అన్న పద్ధతి మా దగ్గర లేదు. గొలుసు కుట్టు అద్భుతంగా వేసే ఆవిడకు క్రోషే, అంటే కొక్కెం సూదితో దారం అల్లడం, రాదు. క్రోషే వేళ్ళ మీద ఆడే రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగికి శాటిన్ కుట్టు, అంటే దారాలు దగ్గరదగ్గరగా వేసి రేకను నింపే కుట్టు, రాదు. ఇద్దరూ పక్కపక్కన కూర్చుంటారు, నాలుగు శనివారాలు గడిచేసరికి ఇద్దరికీ రెండూ వస్తాయి.

ఇలాంటి బృందాన్ని ఇంగ్లీషులో గిల్డ్ అంటారు. ఇంగ్లండ్‌లో 1906లో ఎంబ్రాయిడరర్స్ గిల్డ్ మొదలుపెట్టింది 16 మంది, అందరూ ఒకే కుట్టు పాఠశాలలో చదువుకున్నవాళ్ళు. మనకూ ఇది కొత్తేం కాదు. పాత శాసనాల్లో చేతివృత్తుల సంఘాలను శ్రేణులు అన్నారు. మధ్యప్రదేశ్‌లోని మందసౌర్‌లో దొరికిన ఐదో శతాబ్దపు శాసనం ఒక పట్టునేత శ్రేణిది. గుజరాత్ వైపు లాట దేశం నుంచి వలస వచ్చిన ఆ నేతగాళ్ళు తమ సొమ్ముతో సూర్యుడి గుడి కట్టించారు, కొన్ని దశాబ్దాల తర్వాత అది దెబ్బతింటే మళ్ళీ బాగు చేయించారు. నాకు బాగా నచ్చే విషయం ఇంకొకటి అందులో ఉంది: ఆ శ్రేణిలో కొందరు నేత పని వదిలి జ్యోతిషం వైపు, విలువిద్య వైపు, కథలు చెప్పడం వైపు వెళ్ళారు, అయినా శ్రేణిలోనే ఉన్నారు. మా హాలులోనూ అంతే. సాఫ్ట్‌వేర్ వాళ్ళు, టైలర్లు, ఇంటి పని చూసుకునేవాళ్ళు, నర్సింగ్ చదివే అమ్మాయిలు, అందరూ ఒకే చాప మీద కూర్చుంటారు.

సిలబస్ లేదు గానీ ఒక వరస ఉంది. మొదటి ఆరుసార్లు కొత్తవాళ్ళను ఒకే మనిషి పక్కన కూర్చోబెడతాం. ఆ తర్వాత మీ ఇష్టం.

యూట్యూబ్‌లో అన్నీ ఉన్నాయి కదా, ఇంత దూరం ఎందుకు రావాలి?

యూట్యూబ్ చూసి నేర్చుకున్నవాళ్ళు మా దగ్గర ఉన్నారు, బాగా కుడతారు కూడా. వీడియోలో దొరకనిది ఒకటి ఉంది, కింది చెయ్యి. మగ్గం పని సంగతే చూడండి. మగ్గానికి, అంటే చెక్క చట్రానికి, బిగించిన గుడ్డ పైన కుడిచేతిలో సూది ఉంటుంది, కొసన చిన్న కొక్కెం. దారం మాత్రం గుడ్డ కింద, ఎడమచేతిలో. సూది కిందికి దిగగానే ఎడమచెయ్యి దారాన్ని కొక్కేనికి తగిలించాలి, కుడిచెయ్యి సూదిని కొంచెం తిప్పి పైకి లాగాలి. తిప్పకపోతే కొక్కెం గుడ్డ పోగును పట్టుకుంటుంది. కెమెరా పైన ఉంటుంది కాబట్టి చూసేవాళ్ళకు కుడిచేతి పనే కనిపిస్తుంది. ఎడమచెయ్యి దారాన్ని ఎంత వదులుగా వదులుతోంది, ఎప్పుడు బిగిస్తోంది అన్నది కనిపించదు. గొలుసు ఒక చోట లావుగా, ఒక చోట సన్నగా వస్తున్నది అందుకే.

నాకు ఇది నేర్పినావిడ నోటితో ఏమీ చెప్పలేదు. నా ఎడమచేతిని తన ఎడమచేతి మీద పెట్టించుకుని పది కుట్లు వేసింది. ఆ పది కుట్లలో, వేళ్ళ సందు నుంచి దారం ఎలా జారాలో నాకు తెలిసిపోయింది. అంతకుముందు నెలన్నర పాటు వీడియోలు చూశాను.

మొదట ఏం నేర్పుతారు?

ఆరు కుట్లు. రన్నింగ్ కుట్టు, కాడ కుట్టు, గొలుసు కుట్టు, కాజా కుట్టు, శాటిన్, ముడి కుట్టు. ఇవి చేతికి పట్టుబడితే మిగతా వాటిలో చాలా భాగం వీటికి చుట్టాలే అని మీకే అర్థమవుతుంది. గొలుసును విడివిడి రేకలుగా వేస్తే లేజీ డేజీ పువ్వు అవుతుంది. కాజా కుట్టునే గుండ్రంగా తిప్పితే అద్దాన్ని పట్టి ఉంచే చట్రం అవుతుంది.

మొదట రాని కుట్టు ముడి కుట్టు. దారం సూదికి రెండుసార్లు చుట్టి, వచ్చిన రంధ్రంలోనే దింపితే ముడి మాయమై వెనక్కి వెళ్ళిపోతుంది. ఒకటి రెండు పోగులు పక్కకు జరిపి దింపాలి. దింపేటప్పుడు ఎడమచేత్తో దారాన్ని గుడ్డకు ఆనించి పట్టుకోవాలి. ముప్ఫై ముడులు పాడుచేశాక ముప్ఫై ఒకటోది గుండ్రంగా కూర్చుంటుంది. ఆ ముప్ఫైకి ఓపిక పట్టండి, విప్పకండి. పాడైనవి పక్కన ఉంటేనే మంచిది తెలుస్తుంది.

ఆరు కుట్లూ వచ్చాక ప్రతి ఒక్కరూ ఆరు అంగుళాల చదరం ఒకటి కుడతారు: బతుకమ్మ పూలు. తంగేడు రేకకు పసుపు శాటిన్, దాని ఈనెకు కాడ కుట్టు. గునుగుకు కింద నుంచి పైకి చిన్న చిన్న ముడులు, కొసకు వెళ్ళేకొద్దీ తెలుపు నుంచి గులాబీకి. ఈ చదరాలన్నీ కలిపి బొంతగా కుట్టి దసరా ముందు హాలులో పరుస్తాం. ఒకే పువ్వు ఇరవై చేతుల్లో ఇరవై రకాలుగా వస్తుంది. నాకు ఆ రోజంటే చాలా ఇష్టం.

ఏమేం కొనాలి? ఎక్కడ దొరుకుతాయి?

మొదటిసారికి ఏమీ కొనకండి, మా దగ్గరివి వాడుకోండి. నచ్చాక కొనాల్సినవి: ఆరు లేదా ఏడు అంగుళాల చెక్క ఫ్రేము, ఎంబ్రాయిడరీ సూదుల ప్యాకెట్టు, చిన్న కత్తెర, ఆరేడు రంగుల దారం, మీటరు తెల్ల కాటన్. అన్నీ కలిపి ఐదొందల లోపే.

సూదుల నంబర్లు కొత్తవాళ్ళను తికమక పెడతాయి. నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది. ఏడో నంబరు, ఎనిమిదో నంబరుతో మొదలుపెట్టండి. యాంకర్ కంపెనీది గానీ డీఎంసీ కంపెనీది గానీ కాటన్ దారం చుట్టలో 8 మీటర్లు ఉంటుంది, ఆరు పోగులు కలిసి ఉంటాయి. ఆరూ ఒకేసారి వాడరు. మోచేతి నుంచి వేలికొస దాకా కత్తిరించుకుని, పోగుల్ని ఒక్కొక్కటిగా పైకి లాగి విడదీసి, కావలసిన రెండో మూడో మళ్ళీ కలుపుకోవాలి. రెండు పోగులు కలిపి ఒకేసారి లాగితే కింద జడ కట్టేస్తుంది. దారం పొడుగ్గా కత్తిరించుకుంటే పని త్వరగా అవుతుందని అనిపిస్తుంది గానీ గుడ్డలో నుంచి అన్నిసార్లు దూరి దూరి నూగు లేస్తుంది, మెరుపు పోతుంది.

సికింద్రాబాద్ వైపు ఉన్నవాళ్ళకు జనరల్ బజార్ దగ్గర. ఇటు ఉన్నవాళ్ళకు కోఠి, సుల్తాన్ బజార్. మా హాలు నుంచి చిక్కడపల్లి మెట్రో ఎక్కితే నారాయణగూడ తర్వాత స్టేషన్ సుల్తాన్ బజారే. పూసలు, చమ్కీలు, జరీ ఎక్కువ మొత్తంలో కావాలంటే బేగంబజార్. పాత పద్ధతి గోటా (జరీ పట్టీలు), లేసుల కోసం చార్మినార్ పక్కన లాడ్ బజార్. గాజుల కోసం వెళ్ళేవాళ్ళు ఆ కొట్లను గమనించరు. ఆదివారం సాయంత్రం మాత్రం వెళ్ళకండి, నిలబడి రంగులు చూసుకునే చోటు కూడా ఉండదు.

ఒక జాగ్రత్త చెప్పాలి. నేను చేరిన మొదటి ఏడాది మా మేనకోడలి బారసాలకు తెల్ల మల్లు గుడ్డ మీద ఎర్ర మందారాలు కుట్టాను. మూడు వారాల పని. రంగు బాగుందని ఎక్కడో కొన్న, పేరు లేని ఎర్ర దారం వాడాను. గీసిన పెన్సిల్ గీతలు పోవాలని నీళ్ళలో వేయగానే ఎరుపంతా తెలుపులోకి పాకింది. గుడ్డ మొత్తం గులాబీ మరకలు. అప్పటి నుంచి ముదురు రంగు దారం ఏది కొన్నా ముందు చిన్న ముక్క తడిపి తెల్ల గుడ్డ మధ్య పెట్టి నొక్కి చూస్తాను. ఎరుపు, నలుపు, నీలం ఈ మూడింటినీ నమ్మొద్దు. మీరూ అలాగే చేయండి, పెద్ద కంపెనీ దారమైనా సరే.

మగ్గం వర్క్ నేర్పుతారా? నెలలో పెళ్ళి బ్లౌజ్ చేసుకోగలనా?

నేర్పుతాం. నెలలో పెళ్ళి బ్లౌజ్ మాత్రం కాదు.

మగ్గం అంటే ఇక్కడ నేత మగ్గం కాదు, గుడ్డను నాలుగు వైపులా లాగి కట్టే చెక్క చట్రం. ఉర్దూలో కార్చోబ్ అంటారు. వేలితో తడితే డప్పులా మోగాలి. అంత బిగువు రాకపోతే సూది దిగదు. చట్రానికి గుడ్డ కట్టడం నేర్చుకోవడానికే ఒక శనివారం పడుతుంది. తర్వాత డిజైన్ దించడం. ట్రేసింగ్ పేపరు మీద గీసిన గీత వెంట సూదితో రంధ్రాలు పొడిచి, పేపరును గుడ్డ మీద పెట్టి, జింక్ పొడి కిరోసిన్‌లో కలిపి గుడ్డపీలికతో రుద్దుతారు. చుక్కలు చుక్కలుగా డిజైన్ దిగుతుంది. కిటికీలు తెరిచి చేయాలి, దగ్గర్లో పొయ్యి వెలిగించకూడదు.

ఆ తర్వాత గొలుసు. సిల్కు దారంతో తిన్నటి గీతలు, వంపులు, చుట్టలు. గొలుసు కుదిరాకే చమ్కీ, పూస, కట్ దానా (సన్నటి గొట్టం పూసలు). జర్దోసీ చివర. జర్దోసీకి వాడేది దారం కాదు, సన్నటి లోహపు తీగను స్ప్రింగులా చుట్టింది. దాన్ని చిన్న ముక్కలుగా కత్తిరించి, సూదికి పూసలా ఎక్కించి కుడతారు. ముక్క ఒక గోరంత పొడుగెక్కువైతే పైకి లేచి నిలబడుతుంది, తక్కువైతే కింద గుడ్డ కనిపిస్తుంది. పాతబస్తీ కార్ఖానాల్లో కారీగర్లు కొలత చూడకుండా కంటి అంచనాతో కత్తిరిస్తారు. చిన్నప్పటి నుంచి ఆ పనిలో ఉన్న చేతులవి.

కాబట్టి మీ ఇంట్లో పెళ్ళి నెలలో ఉంటే బ్లౌజ్ వాళ్ళకే ఇవ్వండి, అడిగిన డబ్బులు బేరమాడకుండా ఇవ్వండి. ఆర్నెల్లు మా దగ్గర కూర్చున్నాక ఆ డబ్బులు ఎందుకో మీకే తెలుస్తుంది.

నాకు చత్వారం వచ్చింది. మెడ నొప్పి కూడా. కుట్టగలనా?

కుట్టగలరు. మా బృందంలో అందరికన్నా పెద్దావిడ డెబ్భై దాటారు, క్రాస్ స్టిచ్ చేస్తారు. మ్యాటీ గుడ్డలో, అంటే క్రాస్ స్టిచ్ కోసం గళ్ళు గళ్ళుగా నేసిన గుడ్డలో, పెద్ద గళ్ళది తీసుకోండి. అంగుళానికి 14 గళ్ళకు బదులు 11 గళ్ళది. మొన లేని సూది వాడండి, గడిలోకి అదే దూరుతుంది. నల్ల గుడ్డ మీద కుట్టాల్సి వస్తే ఒళ్ళో తెల్ల తువ్వాలు పరుచుకోండి, రంధ్రాలు తెలుస్తాయి. కుడిచేతివాటం వాళ్ళకు వెలుతురు ఎడమ వైపు నుంచి రావాలి, లేకపోతే మీ చేతి నీడే కుట్టు మీద పడుతుంది.

మెడ సంగతి: గుడ్డ దగ్గరికి మీరు వంగకండి, గుడ్డనే మీ దగ్గరికి తెచ్చుకోండి. ఒళ్ళో రెండు దిండ్లు పెట్టుకుంటే ఫ్రేము ఛాతీ ఎత్తుకు వస్తుంది. దారం అయిపోయిన ప్రతిసారీ లేచి నిలబడండి. కళ్ళద్దాల పవర్ మారి రెండేళ్ళయితే ముందు కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళి, తర్వాత మా దగ్గరికి రండి.

మగవాళ్ళు రావచ్చా?

తప్పకుండా. పాతబస్తీలో జర్దోసీ పని చేసేవాళ్ళలో ఎక్కువమంది మగవాళ్ళే. కుట్టు ఆడవాళ్ళ పని అన్న మాట ఈ ఊళ్ళో నిలవదు. ప్రస్తుతం మాలో నలుగురు ఉన్నారు.

పిల్లల్ని తీసుకురావచ్చా?

ఎనిమిదేళ్ళు దాటినవాళ్ళను తీసుకురండి. వాళ్ళకు మొన లేని సూది, ఊలు, పెద్ద గళ్ళ గుడ్డ ఇస్తాం. అంతకన్నా చిన్నవాళ్ళు ఉంటే సూదుల మధ్య అందరికీ టెన్షన్.

తెలుగు సరిగ్గా రానివాళ్ళు రావచ్చా?

మా హాలులో తెలుగు, ఉర్దూ, హిందీ కలిసి నడుస్తాయి. దారం లెక్కలు తెలుగులో, జర్దోసీ మాటలు ఉర్దూలో. ఎవరికీ ఇబ్బంది రాలేదు.

లంబాడీ కుట్టు మేం వేయవచ్చా?

ఇది ఎక్కువమంది అడగరు, అడగాలని నేను కోరుకునే ప్రశ్న. ఇన్‌స్టాలో చూసి అద్దాల డిజైన్ ఒకటి ఫోన్‌లో చూపించి, ఇది నేర్పండి అంటారు. అద్దం కుట్టడం నేర్పుతాం. అద్దానికి రంధ్రం ఉండదు కాబట్టి ముందు దాని మీదుగా అడ్డం రెండు, నిలువు రెండు దారాలు వేసి గుడ్డకు బిగించాలి. ఆ దారాల్ని పట్టుకుని చుట్టూ కాజా కుట్టు వేసుకుంటూ వెళితే దారాలు అంచుకు జరిగి అద్దం మధ్యలో మెరుస్తుంది. ఈ పద్ధతి కచ్‌లో ఉంది, రాజస్థాన్‌లో ఉంది, ఇంకా చాలా చోట్ల ఉంది.

లంబాడీ కుట్టు అంటే అద్దం ఒక్కటే కాదు. ఫేటియా (లంగా), కాంచళి (రవిక), టుక్రీ (తల మీది ఓణీ), ఆ ఒక్కొక్క బట్టకు ఎక్కడ ఏ కుట్టు రావాలో, గవ్వలు ఎక్కడ వేలాడాలో, పాత నాణేలు ఎక్కడ కుట్టాలో వాళ్ళ తండాల్లో తల్లి దగ్గర కూతురు నేర్చుకున్న వ్యవహారం. పెళ్ళికి కూతురు కోసం ఏళ్ళ తరబడి కుట్టి దాచే బట్టలవి. చాలా ఇళ్ళలో ఇప్పుడు ఆ బట్టలు రోజూ కట్టుకోవడం లేదు, పెట్టెల్లో ఉన్నాయి. కొందరు అవసరానికి అమ్ముకుంటున్నారు. ఆ ముక్కలే కత్తిరించి బ్యాగులకూ దిండు గలీబులకూ కుట్టి కొట్లలో పెడుతున్నారు. అరచేతి వెడల్పు ముక్కలో ఒక మనిషి నెల రోజుల పని ఉంటుంది.

మా పద్ధతి ఇది. తండా నుంచి వచ్చి నేర్పే అక్కలను ఏడాదికి రెండుసార్లు పిలుస్తాం. వాళ్ళకు పూర్తి రోజు కూలీ, రానూపోనూ ఖర్చులు ఇస్తాం. ఆ రోజు నేర్చుకున్నది మీ ఇంటికి, మీ పిల్లలకు కుట్టుకోండి. అమ్మకానికి పెట్టేటట్టయితే వాళ్ళతో కుట్టించి వాళ్ళ పేరు చెప్పి అమ్మండి. మీరు కుట్టి లంబాడీ వర్క్ అని పేరు పెట్టి అమ్మకండి. దీని మీద బృందంలో వాదన జరిగింది, ఇద్దరు మానేశారు కూడా. నేను మాత్రం ఈ మాట మీదే ఉన్నాను.

ఫైబర్ ఆర్ట్ అంటే ఏమిటి? అది కూడా చేస్తారా?

దారం, నూలు, ఊలు, పట్టు, నార, ఏ పోగుతోనైనా చేసే కళ అంతా ఆ మాటలో ఇమిడిపోతుంది. ఆ పేరు కొత్త, పని మన ఇళ్ళలో పాతదే. పాత చీరలు పొరలు పొరలుగా వేసి అమ్మమ్మలు కుట్టిన బొంత ఫైబర్ ఆర్టే. కురుమల గొంగడి ఫైబర్ ఆర్టే. దక్కనీ గొర్రెల నల్ల ఊలు వడికి నేసి, చింతగింజల గంజి పట్టిస్తారు. వానలో గొర్రెల కాపరికి అదే గొడుగు, రాత్రికి అదే పక్క. ఒకసారి నిజమైన గొంగడి హాలుకు తెప్పించాం. చేత్తో ముట్టుకోగానే అందరూ ఇంత గరుకా అన్నారు, గంటసేపు ఒళ్ళో పెట్టుకున్నాక ఎవరూ దించలేదు.

మా దగ్గర క్రోషే, ఊలు అల్లిక, మాక్రమే (దారాన్ని ముడులు వేసి అల్లడం), చిన్న చట్రం మీద నేత జరుగుతాయి. క్రోషే మాట వస్తే నరసాపురం గుర్తొస్తుంది. అక్కడి లేసు అల్లికకు 2024లో జీఐ గుర్తింపు, అంటే ఈ పని ఆ ప్రాంతానిదే అన్న గుర్తింపు, వచ్చింది. గోదావరి జిల్లాల నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన ఇద్దరు ముగ్గురు సభ్యులు చిన్నప్పుడు అరుగుల మీద కూర్చుని ఆ లేసు అల్లినవాళ్ళే. వాళ్ళ వేళ్ళ వేగం మాకెవరికీ రాలేదు.

రంగులద్దకం ఏడాదికి ఒకసారి, ఎండాకాలంలో. దానిమ్మ తొక్క, బంతిపూలు, కరక్కాయ, పటిక. పసుపు కొమ్ములతో వచ్చే రంగు చూడ్డానికి గొప్పగా ఉంటుంది గానీ ఎండకు వెలిసిపోతుందని ముందే చెబుతాం. నూలుకే ముందు రంగు కట్టే ఇక్కత్ చూడటానికి పోచంపల్లి వెళ్ళాం. మరోసారి పుట్టపాక వెళ్ళి, 2020లో జీఐ వచ్చిన తేలియా రుమాలు చూశాం. నూలును నూనెలో, ఆముదం కాయల బూడిద నీళ్ళలో రోజుల తరబడి నానబెడతారు. ఆ వాసన గుడ్డలో ఉండిపోతుంది, తేలియా అన్న పేరు అందుకే.

ఊళ్ళోనే చూడాల్సినవి ఉన్నాయి. సాలార్‌జంగ్ మ్యూజియంలో వస్త్రాల గది, పురానీ హవేలీలో నిజాం మ్యూజియం. ఆరో నిజాం బట్టల కోసం కట్టించిన పొడవాటి చెక్క అల్మారా అక్కడే ఉంది. రెండింటికీ శుక్రవారం సెలవు. హిమ్రూ, మష్రూ, పైఠణీ అనే పాత నేతలు ఆగిపోకుండా నిలబెట్టిన సురయా హసన్ బోస్ పనిచేసింది ఈ ఊళ్ళోనే. రాయదుర్గంలో మగ్గాలు వేయించి, భర్త పోయిన ఆడవాళ్ళకు నేత నేర్పించి ఉపాధి చూపించారు. 2021లో కన్నుమూశారు. మష్రూ చేతికి దొరికితే లోపలి వైపు తిప్పి చూడండి: పైన పట్టు, ఒంటికి తగిలే వైపు నూలు.

నేర్చుకుని డబ్బు సంపాదించవచ్చా? సర్టిఫికెట్ ఇస్తారా?

సర్టిఫికెట్ మేం ఇవ్వం. ఉద్యోగానికి కాగితం కావాలంటే రాష్ట్ర ప్రభుత్వ పరీక్షల విభాగం టైలరింగ్ అండ్ ఎంబ్రాయిడరీలో లోయర్ గ్రేడ్, హయ్యర్ గ్రేడ్ పరీక్షలు పెడుతుంది. ఐటీఐల్లో ఎంబ్రాయిడరీకి ఏడాది కోర్సు ఉంది. ప్రభుత్వ ఉపాధి శిక్షణ సంస్థ సెట్విన్ కేంద్రాల్లో కూడా ఇలాంటి శిక్షణ ఉంటుంది. పరీక్షకు కట్టేవాళ్ళకు శాంపిల్ ముక్కలు కుట్టడంలో మేం సాయం చేస్తాం.

డబ్బు సంగతి నిజం చెబుతాను. మాలో ఒకావిడ చేతిరుమాళ్ళ మూల ఒక పువ్వు కుట్టి అర డజను సెట్టు 300కు అమ్మింది. గుడ్డకీ దారానికీ 120 అయింది. కుట్టడానికి పది గంటలు. మిగిలిన 180ని పదితో భాగిస్తే గంటకు 18 రూపాయలు. ఆవిడ ఈ లెక్క ఎప్పుడూ వేసుకోలేదు. ఖాళీ టైములో చేసిందే కదా అంది. లేసు అల్లే ఆడవాళ్ళ పనిని దశాబ్దాలుగా తీరిక వేళ వ్యాపకంగా చూపించి తక్కువ కూలీ ఇచ్చింది ఈ మాట అడ్డు పెట్టుకునే. అందుకే మా దగ్గర అమ్మాలనుకునే ప్రతి ఒక్కరూ ముందు గంటల లెక్క రాయాలి. నోటు పుస్తకంలో మొదలుపెట్టిన టైము, ఆపిన టైము. నెల తర్వాత ఆ పుస్తకం తెరిచి ధర నిర్ణయిద్దాం. చుట్టాలు, ఫ్రెండ్స్, చేతిలో పనే కదా నాకూ ఒకటి చేసిపెట్టు అన్నప్పుడు కూడా ఆ పుస్తకం చూపించండి.

బ్లౌజుల ఆర్డర్లు తీసుకుని ఇల్లు నడుపుకుంటున్న సభ్యులు ఇద్దరున్నారు. ఇద్దరికీ కుట్టుతో పాటు కటింగ్ కూడా వచ్చు, అదే వాళ్ళను నిలబెట్టింది.

వెనక వైపు కూడా శుభ్రంగా ఉండాలా?

మొదటి ఏడాది అక్కర్లేదు. తర్వాత ఉండాలి. కొసన ముడి వేస్తే ఇస్త్రీ చేసినప్పుడు ముందు వైపు బొడిపెలా తేలుతుంది, కొన్ని ఉతుకులకు విడిపోతుంది. ముడి బదులు వెనక వేసిన నాలుగైదు కుట్ల కిందుగా దారాన్ని దూర్చి కత్తిరించండి. ఒక పువ్వు నుంచి దూరంగా ఉన్న పువ్వుకు దారం లాక్కెళ్ళకండి, పలుచటి గుడ్డయితే ముందుకు నీడలా కనిపిస్తుంది. మేం ఎవరి పని చూసినా ముందు తిరగేసి చూస్తాం. తప్పు పట్టడానికి అనుకోకండి, కుట్టు ఏ దారిన వెళ్ళిందో వెనకే రాసి ఉంటుంది.

కుట్టినవి ఎలా ఉతకాలి, ఎలా దాచాలి?

కాటన్ దారమైతే చల్లటి నీళ్ళు, తేలికపాటి సబ్బు. పట్టు గుడ్డకు కుంకుడు రసం. పిండకండి, తువ్వాలులో చుట్టి నొక్కండి. మందపాటి తువ్వాలు మీద కుట్టు బోర్లా పెట్టి వెనక నుంచి ఇస్త్రీ చేస్తే ముడులు, శాటిన్ రేకలు అణిగిపోవు. జరీ, జర్దోసీ ఇంట్లో ఉతకొద్దు. సెంటు కొట్టొద్దు, నాఫ్తలీన్ ఉండలు తగలనివ్వొద్దు, నల్లబడతాయి. పాత మెత్తటి నూలు గుడ్డలో చుట్టి, ఆర్నెల్లకొకసారి తీసి గాలికి ఆరబెట్టి, మడత మార్చండి.

ఫీజు ఎంత?

నెలకు 200. హాలు అద్దె, టీ, కొత్తవాళ్ళకిచ్చే దారం ఖర్చు అందులోనే. ఇవ్వలేనివాళ్ళు ఇవ్వక్కర్లేదు, ఎందుకని ఎవరూ అడగరు.

మా అమ్మమ్మ సగంలో వదిలేసిన కుట్టు ఒకటి పెట్టెలో దొరికింది. నేను పూర్తి చేయవచ్చా?

ఇలాంటివి ఏడాదికి మూడు నాలుగు వస్తాయి. దిండు గలీబు మీద సగం చిలక, పేరు రాయబోయి రెండక్షరాల దగ్గర ఆగిన చేతిరుమాలు. నా అభిప్రాయం: వెంటనే సూది పెట్టకండి. ముందు ఆ మనిషి ఎలా కుట్టిందో చూడాలి. ఎన్ని పోగులు వాడింది, కుట్టు ఎంత పొడుగు, కుడి నుంచి ఎడమకా, ఎడమ నుంచి కుడికా. వేరే గుడ్డ మీద ఆవిడ చేతిని అనుకరిస్తూ కొన్ని రోజులు కుట్టండి. పాత దారం రంగు వెలిసి ఉంటుంది కాబట్టి కొత్త దారం ఎంత వెతికినా కలవదు. కలపాలని తాపత్రయపడొద్దు. ఒక ఛాయ తేడాతో కుట్టేస్తే ఎక్కడ దాకా ఆవిడది, ఎక్కడి నుంచి మీది అన్నది గుడ్డ మీద కనిపిస్తూ ఉంటుంది. మా బృందంలో ఒకమ్మాయి చిలకను అలాగే పూర్తి చేసింది. తల, మెడ అమ్మమ్మవి, తోక తనది.

గుడ్డ మడతల దగ్గర చిరుగుతుంటే మాత్రం పూర్తి చేయకండి, వెనక మరో గుడ్డ ఆనించి కుట్టి అలాగే ఉంచేద్దాం. ఏదైనా ముందు మాకు చూపించండి. తెచ్చేటప్పుడు మడత పెట్టొద్దు, ఉతకొద్దు. పాత కాటన్ చీర ముక్క కలిపి చుట్ట చుట్టి తీసుకురండి.